ఆమె కోరిక మేరకు

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. హాజరైనవారు: నేర పరిశోధన శాఖ పెద్ద అధికారి, దొంగతనాల విభాగం అధిపతి, మోసాల విభాగం అధిపతి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న హత్యల విభాగం అధిపతి. రాసినవారు: నేను. హత్యల విభాగంలో పదకొండేళ్ళుగా రెండవ స్థానంలో ఉన్నప్పటికీ, హాజరైనవారి వరుసలో నా పేరు ఎన్నడూ రాసుకోలేదు. గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే కనుక సమావేశం మినిట్స్ రాయడం నా వంతు. "నీ దస్తూరి ముత్యాల కోవమ్మా" అని పెద్ద అధికారి మొదటి సమావేశంలోనే మెచ్చుకున్నారు. ఆ మెప్పే నాకు యావజ్జీవ శిక్ష అయింది.

ఇవాళ్టి విషయం, విభాగాలకు కొత్త అధిపతులు. దొంగతనాల అధిపతిని మేమంతా తాళంచెవి అంటాం. ఆయన టీ కప్పు ఊదుకుంటూ, "హత్యల విభాగం మనకొద్దు బాబూ, సాక్షి నోరు విప్పడు, శవం అసలే విప్పదు" అన్నాడు. "మా మోసగాళ్ళే నయం, నమస్కారం పెట్టి మరీ దోచుకుంటారు" అన్నాడు మోసాల అధిపతి. నవ్వారు. నవ్వులను మినిట్స్‌లో రాయనక్కరలేదు కనుక కలం ఆపాను.

మా శాఖలో ఒక ఏర్పాటు ఉంది. మనిషి కనబడడం లేదని ఎవరైనా వస్తే ఆ ఫిర్యాదు తప్పిపోయినవారి విభాగానికి వెళుతుంది. శవం దొరికాకనే మా దగ్గరికి వస్తుంది. రెండు గదుల మధ్య నడవా పన్నెండు అడుగులు. దాన్ని దాటి మా దగ్గరికి రావడానికి కొందరు ఆడవాళ్ళు చచ్చిపోవలసి వచ్చింది. నేను అధిపతినైతే మొదటి రోజునే ఇద్దామని, ఆ రెండు విభాగాలనూ ఒకటి చేయమని కోరుతూ రాసిన ప్రతిపాదన మూడు నెలలుగా నా సొరుగులో ఉంది.

ఉద్యోగంలో తొలి ఏడాది నేనూ ఆ తప్పిపోయినవారి గదిలోనే కూర్చున్నాను. ఒక దర్జీ ఆమె కనబడకుండా పోయింది. ఇంటికి వెళ్ళి చూశాను. కుట్టుమిషను సూదిలో దారం అలాగే ఉంది, పిల్లల గౌను అంచు సగం కుట్టి ఆగిపోయింది. భర్త నాకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "తన ఇష్టంతోనే వెళ్ళిందండీ, నాకు చెప్పే వెళ్ళింది" అన్నాడు. ఎంత మర్యాదస్తుడు! "స్వచ్ఛందంగా ఇల్లు విడిచినది" అని ముత్యాల కోవలో రాసి, ఫైలు మూసి, సంతకం పెట్టాను. నలభై రోజుల తరువాత ఆమె ఆ ఇంటి వెనక నీళ్ళ తొట్టిలో దొరికింది. అంచు సగంలో వదిలి ఏ దర్జీ ఇష్టంతో లేవదని, ఇంట్లో ఎవరో ఒకరు పిలిస్తే రోజూ అన్నం సగంలో వదిలి లేచే నాకు తెలియదా? తెలుసు. అయినా మొగుడి మాట సాక్ష్యమైంది, దారం కాలేదు.

"హత్యలు తాళంచెవికి," అన్నారు పెద్ద అధికారి. తాళంచెవి కప్పు దించాడు. "అమ్మాయికి తప్పిపోయినవారి విభాగం. ఆమె కోరిక మేరకు అని రాసుకోమ్మా."

"నేనేమీ కోరలేదు సార్."

"మీ ఆయన వచ్చాడు కదమ్మా మొన్న! అత్తగారికి ఒంట్లో బాగుండడం లేదటగా. సాయంత్రం అయిదుకల్లా ఇంట్లో ఉంటావు. నీ గురించి ఎంత ఆలోచిస్తాడో పాపం, అదృష్టవంతురాలివి. 'కోరిక మేరకు' అంటే నీకే గౌరవం."

ఈ ఉదయం ఇంట్లో నేను అన్నం డబ్బాలు సర్దుతుంటే మా ఆయన నా వెనక నిలబడి, "ఇవాళ మంచి కబురు వింటావులే" అన్నాడు. "ఇన్నాళ్ళూ శవాలను ముట్టుకున్న చేతులతోనే అన్నం పెట్టింది మహాతల్లి" అని గదిలోంచి అత్తగారు. కబురేమిటని నేను అడగలేదు. మూత బిగించే తొందరలో ఉన్నాను.

పదవీ విరమణ చేయబోయే మా పెద్దాయన వైపు చూశాను. నన్ను కూర్చోబెట్టి, గాయాన్ని చదవడం నేర్పిన మనిషి. ఆయన బల్ల మీద లేని దుమ్మును వేలితో తుడుస్తున్నారు.

రాశాను. "తప్పిపోయినవారి విభాగానికి బదిలీ సదరు ఉద్యోగిని కోరినది కాదు. ఆమె భర్త నోటిమాటగా కోరినది. ఆమెను ఎవరూ అడగలేదు." హాజరైనవారి వరుసలో చివర నా పేరు చేర్చాను. అడుగున సంతకం చేసి, కార్బను కాగితం పెట్టి రాసిన రెండు ప్రతులూ పెద్ద అధికారి ముందు పెట్టాను. ఆయన ఎప్పటిలాగే చదవలేదు. "నీ రాతకు వంక ఏముంటుందమ్మా" అంటూ రెండింటి మీదా సంతకం గీశారు.

దీనివల్ల ఏమీ మారదని నాకు తెలుసు. రేపు ఉదయం ఆ నడవా దాటి, పాత గదిలో, పాత కుర్చీలో కూర్చుంటాను. ఒక ప్రతిని మినిట్స్ ఫైలుకు పంపాను. రెండవది తీసుకుని కింద రికార్డు గదికి వెళ్ళి, దర్జీ ఆమె ఫైలు అడిగాను. అందులో మొదటి కాగితం ఆమె భర్త వాంగ్మూలం, రెండవది నా సంతకం. నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆ రెండింటి కింద ఉంచి, దారం కట్టి, బీరువాలో పెట్టాను.