రాజంపేట గోలు

ఆ బంతి గీత దాటిందా, దాటలేదా అన్న అనుమానం నాకు ఇరవై ఏడేళ్లుగా ఉంది. పొలంలో శనగలు వేస్తున్నప్పుడు వస్తుంది. మందిరంలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా వస్తుంది. రెండు మూడుసార్లు దేవుణ్ణే అడిగాను. వాన సంగతి, పిల్ల చదువు సంగతి అడిగినప్పుడు ఏదో ఒక దారి చూపించాడు గానీ, దీనికి మాత్రం జవాబు ఇవ్వలేదు. నీకు విజిల్ ఇచ్చింది నేను కాదు కదా అనుకున్నాడేమో.

ఇచ్చింది మా మందిరం పాస్టరు అయ్యగారు. తొంభై ఎనిమిదిలో, క్రిస్మస్‌కు ముందు, మా కోయిలకుంట్ల సంఘానికీ రాజంపేట సంఘానికీ ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. నాకు కాలు బెణికి ఆడలేకపోతున్నానని, ఊరికే కూర్చోవడం ఎందుకని, నన్ను రిఫరీని చేశారు. కుంటుతున్న రిఫరీ ఎంత దూరం పోగలడు? ఆట అటు పోతే నేను ఇటు, ఆట ఇటు వస్తే నేను అటు.

మందిరంలో మా ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. మైదానంలో కూడా అలాగే ఉండాలని పెద్దలు ఏర్పాటు చేశారు. ఆట బాగా కనిపించే చోట్లన్నీ మగవాళ్లవి. ఆడవాళ్లకు ఒక మూలన, గోలు గీతకు సరిగ్గా నేరుగా, చాపలు పరిచారు. ఎవరికీ అక్కర్లేని చోటు అది.

ఆట ముగిసే ముందు రాజంపేట ఏసన్న గట్టిగా తన్నిన బంతి పై కొయ్యకు తగిలి నేరుగా కింద పడింది. మా గోల్‌కీపర్ లేవి దాని మీద పడి గట్టిగా పట్టుకున్నాడు. నేను అప్పటికి మైదానం మధ్యలో ఉన్నాను. చాపల మీది నుంచి ఒక అమ్మాయి లేచి, “గోలే. దాటింది, నేను చూసినా,” అంది.

“చాప మీద కూర్చున్నోళ్లకు ఏం తెలుస్తాది?” అన్నాను నేను. అందరూ నవ్వారు. గోలు ఇవ్వలేదు. ఎవరికీ గోలు లేకుండానే ఆట ముగిసింది. చీట్లు వేసి గెలుపు తేల్చారు, మేమే గెలిచాం.

ఆరు నెలలకు ఆ అమ్మాయితోనే నా పెళ్లి అయింది. పేరు రెజీనా. ఏసన్నకు సొంత చెల్లెలు. అన్న పక్షాన పలికి ఉంటుందిలే అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఏసన్న మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఆ మాటే. “బావా, నా గోలు ఎప్పుడిస్తావు?” రెజీనా పెళ్లయిన తర్వాత దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఏసన్న అడగడం కంటే ఈమె అడక్కపోవడమే నాకు ఎక్కువ బరువుగా ఉండేది.

మా కూతురు నిస్సీకి ఎవరి కాళ్లు వచ్చాయో తెలియదు గానీ, అయిదో తరగతి నుంచి దానికి బంతే లోకం. కడపలో ఆటల బడిలో చదివింది, రాష్ట్రం తరఫున ఆడింది, మోకాలు దెబ్బ తిని ఆపేసింది. ఇప్పుడు అక్కడే ఆడపిల్లలకు ఆట నేర్పిస్తోంది. ఊరికే ఉండకుండా, మగవాళ్ల ఆటల్లో ఎవరు ఎక్కడ తప్పు చేశారో తెలుగులో చెబుతూ ఫోన్లో వీడియోలు పెట్టేది. వాటిని చూసి ఒక క్రీడా ఛానెల్ వాళ్లు హైదరాబాద్ రమ్మన్నారు. మగవాళ్ల లీగ్ ఆట ఒకదానికి స్టూడియోలో కూర్చుని మాట్లాడాలి. అది బాగుంటే మిగిలిన సీజన్ అంతా ఆమెదే. బాగా లేకపోతే ఆ ఒక్క ఆదివారంతో సరి.

ఆ ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు మందిరంలో పాటలు చూపించే తెర మీదే ఆట వేశారు. ఏసన్న రాజంపేట నుంచి పొద్దున్నే దిగాడు. అరవై దగ్గర పడుతున్నా, మోకాళ్లు నొప్పి అంటున్నా, మేనకోడలి కోసం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. లేవి ఇప్పుడు సంఘ పెద్ద. ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

“ఏమప్పా జోసెఫ్,” అన్నాడు లేవి, “మగోళ్ల ఆటలో మన పాప ఏం చెప్తాది? ఆడినోళ్లు ఇద్దరు పక్కనే ఉండారు కదా.”

“మా పాప కూడా ఆడిందే కదన్నా,” అన్నాను.

“అది వేరేలే.”

“బంతి వేరేనా?” అన్నాడు ఏసన్న వెనక నుంచి.

లేవి వినిపించనట్టు తెర వైపు తిరిగాడు. నాకూ లోపల ఆ ప్రశ్న లేకపోలేదు. సంఘంలో ఆడవాళ్లు ఎంతవరకు మాట్లాడాలి అన్నదాని మీద పెద్దలు ఎన్నో ఏళ్లు వాదించి, ప్రసంగం వద్దు, దేవుడు తమకు చేసిన మేలు గురించి లేచి సాక్ష్యం చెప్పవచ్చు అని తేల్చారు. ఆ గీత సరిగ్గా అక్కడే ఎందుకు పడిందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

తెర మీద నిస్సీ కనిపించగానే మందిరం గోలగోలగా అయిపోయింది. నీలం కోటు వేసుకుంది. అటూ ఇటూ ఇద్దరు మాజీ ఆటగాళ్లు, మధ్యలో కార్యక్రమం నడిపే అబ్బాయి. అతను నవ్వుతూ, “నిస్సీ గారూ, మీరు మొదలుపెట్టండి, ఈ రోజు ఎవరిది పైచేయి?” అని అడిగాడు.

నిస్సీ లేచి నిలబడింది.

పుట్టినప్పటి నుంచి అది పదిమంది పెద్దవాళ్ల ముందు మాట్లాడింది ఒక్క సాక్ష్యం చెప్పేటప్పుడే. సాక్ష్యం కూర్చుని చెప్పరు. నిలబడేసరికి దాని తల కెమెరా దాటి పైకి పోయింది. కోటు గుండీలు, మైకు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక చెయ్యి, లేని పైట చెంగును తల మీదికి లాక్కోవడానికి పైకి పోయింది. గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది: “అందరికీ ప్రభువు పేరిట వందనాలు.”

“వందనాలు,” అంది మందిరం మొత్తం. అలవాటు కదా. అయ్యగారు కూడా అన్నారు.

తెర మీద ఒక మాజీ ఆటగాడు తల దించుకుని నవ్వు దాచుకుంటున్నాడు. కార్యక్రమం నడిపే అబ్బాయి మంచివాడు. “వందనాలండీ, కూర్చోండి,” అని, ప్రశ్న పక్కవాళ్ల వైపు తిప్పాడు. ఆ తిప్పడం సగం ఆట దాకా తిప్పడమే అయింది. వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. నిస్సీ మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది.

“అయిపాయ,” అన్నాడు లేవి. “పాపను ఇంటికి రమ్మను, జోసెఫ్. ఈడ సండే స్కూల్ పిల్లోళ్లకు చెప్పుకోనీ.”

“నోరు మూసుకో లేవన్నా, ఇంకా సగం ఉండాది,” అంది రెజీనా ఆడవాళ్ల వైపు నుంచి. మా సంఘంలో ఒక పెద్దను ఎవరైనా అలా అనడం నేను అదే మొదటిసారి విన్నాను.

అప్పుడే బంతి ఎగిరింది. తెర మీద ఒకడు దూరం నుంచి తన్నాడు. బంతి పై కొయ్యకు తగిలి నేరుగా కింద పడింది. గోల్‌కీపర్ దాని మీద పడ్డాడు. వెనక ఏసన్న లేచిన చప్పుడు వినిపించింది. రిఫరీ గోలు కాదన్నాడు, ఆట సాగింది.

“సరైన నిర్ణయం,” అన్నాడు ఒక మాజీ ఆటగాడు. “బంతి గీత మీదే ఉంది,” అన్నాడు రెండోవాడు.

“గోలే,” అంది నిస్సీ. “దాటింది, నేను చూశాను.”

అవే మాటలు. అదే గొంతు. నేను ఆడవాళ్ల వైపు తిరిగి చూశాను. రెజీనా పెదవులు కూడా కదులుతున్నాయి.

“ఎలా చెప్పగలరు?” అని అడిగాడు అబ్బాయి.

“అందరూ బంతిని చూస్తారు సార్, అది కీపర్ పొట్ట కింద కనపడదు. కీపర్ మడమ చూడాల. అతని మడమ గీత మీద ఉంది. అతని పొట్ట మడమకు వెనక పడింది, బంతి దాని కిందే. అంటే మొత్తం దాటింది. మా అమ్మ నేర్పింది సార్. మా ఊళ్లో ఆడవాళ్లను గోలు గీత పక్కన మూలన కూర్చోబెట్టేవాళ్లు. ఆట ఏం కనపడకపోయినా, గీత మాత్రం వాళ్లకే బాగా కనపడేది.”

పక్క కెమెరాలో పట్టింది మళ్లీ వేశారు. నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. మడమ గీత మీద ఉంది. మడమ వెనక బంతి, బంతికీ గీతకూ మధ్య పచ్చగడ్డి, రెండు వేళ్ల వెడల్పు. తర్వాత, ఇందాక నవ్వు దాచుకున్నాయన కుర్చీ నిస్సీ వైపు తిప్పి, “ఈ మడమ సంగతి మాకెవరూ చెప్పలేదమ్మా,” అన్నాడు. ఆ తర్వాత ఆట ముగిసేదాకా ప్రతి ప్రశ్నా నిస్సీకే వచ్చింది. చివర్లో ఆ అబ్బాయి, “వచ్చే ఆదివారం కూడా నిస్సీ గారు మనతో ఉంటారు, వందనాలు,” అన్నాడు. మందిరం మళ్లీ “వందనాలు” అంది, ఈసారి పైకప్పు రేకులు అదిరేలా.

పిల్లలు బెంచీలు ఎక్కారు. ఎవరో డప్పు అందుకున్నారు. అయ్యగారు సాయంత్రపు ప్రార్థన సంగతే మరిచిపోయారు. నేను ఆ గోలలోనే ఆడవాళ్ల వైపు నడిచాను.

“రెజీనా,” అన్నాను, “ఆ పొద్దు లేవన్న మడమ యాడుండె?”

ఆమె నా వైపు తిరిగింది. “ఇప్పుడడుగుతాండావా?”

“ఇప్పుడే.”

“గీత మీద. బంతి మడమ వెనక.”

అందరూ లేవి వైపు తిరిగారు. లేవి చాపిన కాళ్లు మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

“ఏమప్పా, ఇరవై ఏడేండ్ల నాటి మడమ,” అన్నాడు. తర్వాత మెడ గోక్కున్నాడు. “దాటింది. నా పొట్టకు తెలిసింది.”

“మరి చెప్పలేదేమన్నా?” అన్నాను.

“నన్నెవరడిగినారు?”

ఏసన్న పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అడగాల్సింది నేను. ఒకరు అడక్కముందే చెప్పారు కూడా, చాప మీద నిలబడి. ఆమె మాట సాక్ష్యమని అప్పుడు నాకు తోచలేదు.

ఇంటికి పోయి బీరువా అడుగున ఉన్న విజిల్ తెచ్చాను. ఇనుప విజిల్, కొంచెం తుప్పు పట్టింది. మందిరం ముందు ఖాళీ స్థలంలో నిలబడి, అందరూ చూస్తుండగా, గట్టిగా ఊదాను. కుక్కలు మొరిగాయి. గోలు ఇచ్చేటప్పుడు రిఫరీ చెయ్యి చాచి మైదానం మధ్యకు చూపించినట్టు, అక్కడున్న నీళ్ల డ్రమ్ము వైపు చూపించాను.

“గోలు,” అన్నాను. “రాజంపేట ఒకటి, కోయిలకుంట్ల సున్నా. రెజీనా చెప్పిందే నిజం.”

ఏసన్న రెండు చేతులూ పైకెత్తి, ఇస్త్రీ చొక్కా ఎగరేసుకుంటూ, నొప్పి మోకాళ్లతో మందిరం చుట్టూ పరుగు మొదలుపెట్టాడు. పిల్లలు వెనక పడ్డారు. లేవి కూడా రెండడుగులు పరిగెత్తి ఆగిపోయాడు.

“మెల్లగా అన్నా, పడతావు,” అని అరిచింది రెజీనా. తర్వాత నా చేతిలోంచి విజిల్ తీసుకుని, చెంగుతో తుడిచి, తన మెడలో వేసుకుంది.