ఎడమ పెదవి ఛానల్

అన్న ఇరవై ఏళ్లు నాటకాల్లో వేషాలు కట్టి, చివరికి పిల్లల సీరియల్లో ఎలుగుబంటి అయ్యాడు. తెరమీద కనిపించేది బొమ్మే అయినా దాని ముఖంలో కదలికంతా అతనిదే. అతనికి ఆ పని ఇప్పించింది చెల్లెలు. అదే స్టూడియోలో కంప్యూటర్ల మధ్య డేటా రాకపోకలు చూసే ఇంజనీరు ఆమె.

అన్న తలుపు బిగించిన చిన్న గదిలో, కెమెరా అమర్చిన హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటాడు. ముందే రికార్డు చేసిన మాటలు చెవిలో వింటూ ముఖం ఆడిస్తాడు. కనుబొమ్మలు, బుగ్గలు, దవడ, పెదవుల చివరలు, ఒక్కొక్కటీ ఒక్కో ఛానల్. ఆ గదిలోని కంప్యూటరు వాటి కదలికను అంకెలుగా మార్చి, సెకనుకు అరవైసార్లు, డైరెక్టరూ చెల్లెలూ కూర్చునే హాల్లోని కంప్యూటరుకు పంపుతుంది. అక్కడ ఎలుగుబంటి నవ్వుతుంది. హాల్లో ఉన్నవాళ్లకు అన్న ముఖం కనిపించదు. వీడియో కూడా పంపితే నెట్‌వర్క్ నెమ్మదిస్తుందని దాన్ని తీసేయించింది చెల్లెలే.

ఆ రోజు పొద్దున పది దాటాక ఎలుగుబంటి నవ్వు వంకరపోయింది. ఎడమ పెదవి ఛానల్లో అంకె సున్నా దగ్గరే ఆడుతోంది.

"అన్నయ్యా, ఎడమవైపు కాస్త నవ్వు," అంది మైకులో.

"నవ్వుతూనే ఉన్నా కదమ్మా."

మాట కొంచెం ముద్దగా వచ్చింది. హెల్మెట్ పట్టీ బిగుసుకున్నప్పుడల్లా అతని మాట అలాగే ఉంటుంది కాబట్టి ఆమె పట్టించుకోలేదు.

"ఎలుగుబంటికి పక్షవాతం వచ్చిందేంటి?" అన్నాడు డైరెక్టరు. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

కేబుల్ మార్చింది. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఆ గది నుంచి బయల్దేరిన డేటా, ఇక్కడికి చేరిన డేటా లెక్క చూసింది. రెండూ సరిపోయాయి. దారిలో ఒక్క అంకె కూడా పోలేదు. అయితే కెమెరాయే ఎడమవైపు సరిగా పట్టడం లేదనుకుంది.

"ఒకసారి లోపలికెళ్లి చూసొస్తాను సార్."

"తలుపు తీస్తే లైటింగంతా మళ్లీ సర్దుకోవాలి. ఇక్కణ్ణుంచే ఏదో ఒకటి చెయ్యమ్మా."

ఆమె చేసింది. కుడి పెదవి అంకెలే ఎడమ పెదవికి కూడా వెళ్లేలా నాలుగు లైన్లు రాసింది. కాసేపటికి ఎడమ బుగ్గ ఛానల్ కూడా పడిపోతే దానికీ అదే చేసింది. ఎలుగుబంటి ముఖం నిండా నవ్వింది.

"నువ్వుండగా మాకేం బెంగ," అన్నాడు డైరెక్టరు.

మధ్యాహ్నం ఆమె మైకులో, "అన్నయ్యా, కాసేపు ఆపుదామా?" అని అడిగింది.

"వద్దు. కొంచెం మగతగా ఉంది, అంతే. కానివ్వండి."

జ్వరమొచ్చినా నాటకం ఆపిన మనిషి కాడు. ఆమె ఇంకోసారి అడగలేదు.

మూడున్నరకు సీను ముగిశాక తలుపు తీసింది. అన్న ఎడమపక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. నోటి చివర నుంచి కారిన చొంగకు చొక్కా ఛాతీదాకా తడిసి, అంచుల్లో ఆరిపోయి ఉంది. ఎడమ చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది.

"బాగా వచ్చిందా?" అన్నాడు. సగం నోరే కదిలింది.

ఆసుపత్రిలో డాక్టరు, "ఎప్పుడు మొదలైందో ఏమైనా తెలుసా?" అని అడిగింది.

"పది గంటల పన్నెండు నిమిషాలకి."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

ఎడమ పెదవి అంకెలు ఎప్పుడు పడిపోయాయో కంప్యూటర్లో చూశానని చెల్లెలు చెప్పింది. డాక్టరు గోడ గడియారం వైపు చూసింది. "రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఇప్పుడిస్తే ప్రమాదం," అంది.

సాయంత్రానికి వదిన వచ్చింది. "గదిలో ఒక్కణ్ణే వదిలేశారా? ఎవరూ చూసుకోలేదా?"

ఎవరూ చూడలేదనేస్తే అక్కడితో పోయేది.

"నేను చూశాను వదినా. పొద్దున్నే చూశాను. కనిపించకుండా సరిచేశాను."

వదినకు అర్థం కాలేదు. ఛానల్ అంటే ఏమిటో, కుడివైపు అంకెలు ఎడమవైపుకు ఎలా పంపిందో చెల్లెలు మొదటినుంచీ చెప్పుకొచ్చింది. అంతా విని వదిన, "నువ్వింక ఇంటికెళ్లు," అంది.

మూడు వారాలకు అన్నను ఇంటికి తెచ్చారు. ఎడమ చెయ్యి, కాలు స్వాధీనంలోకి రాలేదు. ముఖమూ రాలేదు. చెల్లెలు ఆదివారాలు వెళ్తే వదిన తలుపు తీసి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఒకరోజు అన్న అడిగాడు. "ఎలుగుబంటి ఎవరు చేస్తున్నారిప్పుడు?"

"ఎవరూ లేరు అన్నయ్యా. సీరియల్ ఆపేశారు."

అది అబద్ధం. వారం తిరక్కుండానే ఆ కుర్చీలో మరొక నటుణ్ణి కూర్చోబెట్టారు. అతని ముఖానికి ఛానళ్లు కుదిర్చింది ఆమే.

"మరి రోజూ స్టూడియోకెళ్లి ఏం చేస్తున్నావు?"

అన్న గోడవైపు తిరగడానికి కుడి చేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు. సాయం చెయ్యబోతే వద్దని తలాడించాడు. తిరగడానికి చాలాసేపు పట్టింది. ఆమె అలాగే నిలబడి ఉంది.