ఎర్రగండిలో భీమేశ్వరరావు

ఆ పొద్దున మబ్బు సముద్రం మీదనుంచి లేచి ఊరి ఉత్తరాన కమ్ముకుంది. చినుకు లేదు, గాలీ లేదు. దేవరాజన్ ఎర్రమట్టి గండి అడుగున కూచుని ఆ మబ్బునే చూస్తున్నాడు. వాన పట్టిందంటే ఈ గండిలో నీళ్ళు మోకాటి దాకా లేస్తాయి. పక్కన భీమేశ్వరరావు మట్టిలో పడున్నాడు. కుడికాలు మోకాటి కింద వంకర తిరిగింది.

ఇద్దరూ రోజూ పుదుచ్చేరి అంచునున్న గోరిమేడు నుంచి నడకకొస్తారు. దేవరాజన్‌వాళ్ళు తాతల కాలం నుంచి ఇక్కడివాళ్ళే, మిల్లులో చేసి రిటైరయ్యాడు. భీమేశ్వరరావు యానాం నుంచి బదిలీ మీద వచ్చిన సర్వే ఆఫీసరు. రాత్రి వానకు నానిన గండి అంచు మీద నిలబడొద్దంటే నిలబడ్డాడు. అంచు విరిగింది. ఇరవై అడుగులు. దేవరాజన్ వంపుల దారిన దిగొచ్చాడు.

అంబులెన్సుకు దేవరాజనే ఫోను చేశాడు. చోటు చెబుతుంటే భీమేశ్వరరావు పడుకునే ఫోను లాక్కున్నాడు.

"అలా చెప్పకూడదండీ. ఇందాక గట్టు మీద హద్దు రాయి చూశాను. ఈ గండి పుదుచ్చేరి కాదు, తమిళనాడు. రాసుకోండి."

అవతల మనిషి రాసుకున్నాడు. బయల్దేరిన బండిని వెనక్కి పిలిచి, ఆ రాష్ట్రంవాళ్ళకు చెప్పాడు. వాళ్ళ బండి రావడానికి గంటన్నర పడుతుందట.

దేవరాజన్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చుట్టూ గోడలే.

"కాలు విరిగినోడికి హద్దేంది సార్?"

"తప్పు రికార్డు రాయించకూడదు కదండీ."

"రికార్డుకి కట్టు కడతారా?"

మొదటి చినుకు భీమేశ్వరరావు చొక్కా మీద పడింది.

ఇక లాభం లేదని దేవరాజన్ కదిరవన్‌కు ఫోను చేశాడు. కదిరవన్ మిల్లులో పాత జతగాడు, ఇప్పుడు కురుచికుప్పం జాలరిపేటలో చేపల పడవ నడుపుతున్నాడు. అరగంటలో చిన్న వ్యానులో ముగ్గురిని వెంటేసుకుని వచ్చాడు. తెచ్చింది ఒక వల, ఒక వెదురు గడ, ఒక తెడ్డు.

"నన్ను వలలో వేస్తారా? స్ట్రెచర్ వస్తుందన్నారు కదండీ," అన్నాడు భీమేశ్వరరావు.

"వస్తాది. దారంతా కొలుచుకుంటా వస్తాది," అన్నాడు దేవరాజన్.

కాలికి తెడ్డు ఆనించి తువ్వాళ్ళతో కట్టారు. వలను నాలుగు మడతలేసి ఆయన్ని అందులో పడుకోబెట్టి, గడకు డోలీలా కట్టి భుజాలకెత్తారు.

"చేప పెద్దదే అన్నా," అన్నాడు కదిరవన్.

"పెద్దదే. ముల్లెక్కువ."

అప్పటికి నీళ్ళు చీలమండలు దాటాయి. గండి వంపుల్లో గడ తిరగదు. తిరగనిచోట వెనకవాళ్ళు కూచుంటే ముందువాళ్ళు లేచారు. పడవ ఒడ్డుకు లాగే కేకతోనే అడుగులేశారు. దేవరాజన్ రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తిట్టుకున్నది హద్దు రాయినే. మీదికి చేరేసరికి కింద ఆయన పడుకున్న చోటు మీదుగా ఎర్రనీళ్ళు పోతున్నాయి.

గోరిమేడు ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలు చూసి, ఇంకా ముందే తేవాల్సిందంది. వాపు బాగా ఎక్కింది, అది దిగేదాకా ఆపరేషను కుదరదు. నడుస్తారు గానీ కుంటు మిగలొచ్చు. మూడు రోజులాగాలి, ఈ పూటకి తినొచ్చు.

ఆలస్యమెందుకైందని అడిగింది. భీమేశ్వరరావే చెప్పాడు.

"నా వల్లనేనండీ."

మధ్యాహ్నం ఆయన భార్య క్యారియరు తెచ్చింది. మట్టి బట్టలతోనే మంచం చుట్టూ కూచున్నారు. ఆమె అందరికీ పప్పన్నం పెట్టి, మొగుడి నోటికి ముద్దలు అందించింది. దేవరాజన్ ఆయన కాలి కింద దిండు సర్ది తన ముద్ద కలుపుకున్నాడు. కదిరవన్ రెండోసారి పెట్టించుకున్నాడు.