ఆరువందల నలభై కిలోమీటర్లు

జెకర్యా మొదటి దెబ్బే టైర్లు విప్పే రాడ్డుతో కొట్టాడు. భావనపాడు హార్బరులో అప్పటికి పొద్దు బారెడెక్కింది. పడవల నుంచి దింపిన చేపల్ని ఐసు వేసి పెట్టెల్లో సర్దుతున్నారు. ఆ సందడిలో దవడ ఎముక విరిగిన చప్పుడు ఎవరికీ వినబడలేదు గానీ, ప్రదీప్ కుమార్ వ్యాను తలుపు పట్టుకుని జారిపోతూ కూలబడడం అందరూ చూశారు. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోది ఎత్తేసరికి కూలీలు ఇద్దరు వచ్చి జెకర్యా నడుం పట్టుకున్నారు. వాళ్ళలో ఒకణ్ణి మోచేత్తో పొడిచి, ఇంకొకణ్ణి ఐసు గుట్ట మీదికి తోసేశాడు.

ప్రదీప్ పరాయివాడు కాదు. జెకర్యా భార్య సత్యమ్మకు స్వయానా తమ్ముడు. ముప్పై రెండేళ్ళవాడు. నాలుగేళ్ళుగా బావ వెంటే పెట్టెలు మోస్తూ, అవసరమైతే బండి నడుపుతూ బతుకుతున్నాడు.

గొడవంతా ఇంజను లైటు గురించి. ముందురోజు జెకర్యాకు జ్వరం తగిలితే చేపల లోడు పలాస స్టేషనుకు ప్రదీప్ తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి, మీటర్ల దగ్గర పసుపుపచ్చ లైటు వెలుగుతోందనీ, టెక్కలిలో స్కానరు పెట్టి చూపిద్దామనీ చెప్పాడు. జెకర్యా జ్వరంలో ఊకొట్టి ఊరుకున్నాడు. తెల్లారి బండి తాళం తిప్పేసరికి ఆ లైటు ఇంజను బొమ్మతో సహా కళ్ళకు కొట్టినట్టు కనబడింది. ఐదేళ్ళుగా బండి తన చేతిలో ఉంది. ఎన్నడూ ఆ లైటు చూసిన జ్ఞాపకం లేదు. ఒక్కరోజు ఇంకొకడి చేతిలో పెడితే వెలిగింది. దారిలో వీడు ఎవడి దగ్గరో క్యాన్లలో అమ్మే కల్తీ డీజిలు పోయించి ఉంటాడని జెకర్యా తేల్చేసుకున్నాడు. అడిగితే ప్రదీప్ కాదన్నాడు. కాదన్నవాడు ఊరుకోకుండా పదిమందిలో ఇంకో మాట కూడా అన్నాడు.

"నానెక్కీసరికే ఎలుగుతంది బావా. నువ్వు సూసుకోనేదు."

ఆ మాటకే రాడ్డు లేచింది.

చేపలు ఎండబెట్టే చోటు నుంచి సత్యమ్మ పరిగెత్తుకొచ్చింది. చేపలు తిరగేసే పొడుగాటి కర్ర చేతిలోనే ఉంది. వస్తూనే మొగుడి వీపు మీద ఒకటి, మణికట్టు మీద ఒకటి వేసింది. రాడ్డు కింద పడింది. జెకర్యా ఆమె వైపు చెయ్యెత్తాడు. ఇంట్లో అయితే ఆ చెయ్యి ఆగేది కాదు. ఇక్కడ ఇందరి మధ్య ఆగింది. ఆమె అతన్ని పట్టించుకోకుండా తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుంది. నోటి నుంచి రక్తంతో పాటు రెండు పళ్ళు ఆమె అరచేతిలో పడ్డాయి.

ఆ సమయానికి హార్బరులో వేరే బండి లేదు. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కొట్టినవాడి వ్యానులోనే దెబ్బతిన్నవాణ్ణి ఎక్కించారు. జెకర్యా స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్క సీటు మీద ఎర్ర తువ్వాలు ఒకటి పడి ఉంటే సత్యమ్మ దాన్ని మడిచి తమ్ముడి దవడకు అదిమింది.

నౌపడ దగ్గర ఉప్పుమడులు మొదలయ్యేచోట బండి బలం చచ్చిపోయింది. ఎంత తొక్కినా ఇరవైకి మించి వెళ్ళడంలేదు. వెనక నల్లటి పొగ. జెకర్యా స్టీరింగును గుద్దాడు, గేరు రాడ్డును ఊడొచ్చేలా లాగాడు, ఇదంతా వీడి నిర్వాకమేనని బావమరిదిని మళ్ళీ తిట్టాడు. ప్రదీప్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎదురుగా ఖాళీ ఆటో ఒకటి వస్తుంటే సత్యమ్మ కదులుతున్న బండిలోంచే తలుపు తీసి చెయ్యి ఊపింది. తమ్ముణ్ణి ఆటోలోకి మార్చింది. జెకర్యా కూడా ఎక్కబోతే గుండెల మీద చెయ్యి పెట్టి నెట్టింది.

"నువ్వు రావద్దు. నీ బండికాడ నువ్వుండు," అంది.

ఆటో వెనక్కి తిరిగి టెక్కలి వైపు వెళ్ళిపోయింది. జెకర్యా అదే నడకన గంటసేపు బండిని ఈడ్చుకుంటూ టెక్కలి చేరాడు. ఆసుపత్రికి వెళ్ళలేదు. ఊరి మొదట్లో ఉన్న యామిని షెడ్డులోకి పోనిచ్చాడు. యామిని ఆటోమొబైల్ డిప్లొమా చదివి, తండ్రి పోయాక ఆ షెడ్డు తనే నడుపుతోంది. స్కానరు పెట్టి ఇంజను జబ్బు కచ్చితంగా చెబుతుందని చుట్టుపక్కల బళ్ళవాళ్ళకు ఆమె మీద గురి. జెకర్యాకు ఇప్పుడు బాగుచేయించడం కాదు ముఖ్యం. కల్తీ డీజిలు అని ఆమె కాగితం మీద రాసిస్తే, అది తీసుకెళ్ళి పెళ్ళాం ముఖాన పడెయ్యాలి. తను ఊరికే కొట్టలేదని అందరికీ తెలియాలి.

అతని చొక్కా మీది రక్తం చూసి యామిని ఒక్క క్షణం ఆగింది. స్టీరింగు కింద స్కానరు వైరు తగిలించి తెర మీద వచ్చింది చదివింది. తర్వాత బానెట్ ఎత్తి, ఇంజను ఆన్‌లో ఉంచి, గొట్టాల మీద సబ్బునీళ్ళు చల్లుతూ వెతికింది. ఒకచోట నురగ బుడబుడమని పొంగింది. టర్బో నుంచి ఇంజనుకు గాలి వెళ్ళే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చిరిగింది. గాలి సరిపోక లైటు వెలిగిందనీ, చిరుగు పెరిగి ఇవాళ బలం పడిపోయిందనీ చెప్పింది. డీజిలు కల్తీ అని రాయమన్నాడు జెకర్యా. ఆమె ఫిల్టరు విప్పి డీజిలును గాజు సీసాలోకి వంపి చూపించింది. తేటగా ఉంది.

"నిన్న ఒక్కరోజు ఆడు నడిపినాడు. నిన్ననే ఎలిగింది. ఆడేటో సేసినాడు," అన్నాడు జెకర్యా.

యామిని స్కానరులో ఇంకో పేజీ తెరిచింది. లైటు వెలిగాక బండి ఎంత దూరం తిరిగిందో అందులో లెక్క ఉంటుందంది. ఆరువందల నలభై కిలోమీటర్లు. రోజుకు ఎంత తిరుగుతావని అడిగింది. పలాస పోయి రావడం ఎనభై కిలోమీటర్లు. అంటే ఎనిమిది రోజులు.

"ఎనిమిది రోజుల్నుంచి ఎలుగుతుంటే నీకెలా కనబడలేదు బాబాయ్? మీటర్లకి అడ్డం ఏటైనా పెడతావేటి?"

తువ్వాలు. ఎండకు మీటర్ల అద్దం కళ్ళలోకి కొడుతుందని ఎర్ర తువ్వాలు దానిమీద పరిచి నడపడం జెకర్యా అలవాటు. వేగం ఎంతో చూసుకునే అవసరం అతనికి ఎప్పుడూ కలగలేదు. ముందురోజు ప్రదీప్ ఆ తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. పెట్టాడు గనకే లైటు చూశాడు, చూశాడు గనకే వచ్చి చెప్పాడు.

ఒప్పుకోవడానికి బదులు జెకర్యా ఒళ్ళు భగ్గుమంది. స్కానరు లాక్కుని నేలకేసి కొట్టబోయాడు. యామిని రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. అతను విదిలించి తోశాడు. ఆమె వెనక ఉన్న ఇనుప స్టాండు మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయి రక్తం వేళ్ళ దాకా కారింది. స్కానరు మాత్రం వదల్లేదు. లేచి నిలబడి అతని ఎదుటికే వచ్చింది.

"కొట్టు. నన్ను కొట్టినా ఈ అంకె మారదు," అంది.

ఉన్నచోటు నుంచి కదల్లేదు. జెకర్యా ఆ నెత్తురు కారుతున్న చేతిని చూశాడు. పొద్దుటి నుంచి ఇది రెండో మనిషి. రెండడుగులు వెనక్కి వేసి బయటికొచ్చాడు. బండి అక్కడే వదిలేసి ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు.

వార్డులో ప్రదీప్ మంచం పక్కన కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. దెబ్బలతో వచ్చినవాళ్ళ దగ్గర వాంగ్మూలం తీసుకోవాలి. దవడకు కట్టిన కట్టు వల్ల ప్రదీప్ మాట్లాడలేడు. కాగితం మీద రాసిచ్చాడు. బండి దిగుతూ జారి పడ్డానని రాశాడు. కానిస్టేబులు దాన్ని మడిచి జేబులో పెట్టుకోబోతుంటే సత్యమ్మ అందుకుని నాలుగు ముక్కలు చేసింది.

"జారి పడనేదు. నా మొగుడు రాడ్డుతోటి కొట్టినాడు. నానూ శానాసార్లు జారి పడినానని సెప్పినాను సార్. ఇంక సెప్పను."

ప్రదీప్ వద్దన్నట్టు అక్క చీర కొంగు పట్టి లాగాడు. ఆమె కొంగు విడిపించుకుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, భుజం కింద వంకరగా అతుక్కున్న పాత గాయం కానిస్టేబులుకు చూపించింది. గుమ్మంలో నిలబడ్డ జెకర్యాను ఆయన అప్పుడే గమనించాడు. నిజమేనా అని అడిగాడు.

"నానే కొట్టినాను," అన్నాడు జెకర్యా. తర్వాత మంచం వైపు తిరిగి, లైటు వారం కింద నుంచే వెలుగుతోందనీ, తను చూసుకోలేదనీ చెప్పాడు. ప్రదీప్ అతని ముఖంలోకి చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. యామిని మీద చెయ్యి చేసుకున్న సంగతి కూడా జెకర్యా తనే చెప్పి రాయించాడు.

కేసు పెట్టి జెకర్యాను జైలుకు పంపారు. పదిహేడు రోజుల తర్వాత బెయిలు వచ్చింది. అప్పటికి సత్యమ్మ ఇంటి తాళం కప్ప మార్చి, జెకర్యా బట్టలు మూటగట్టి పాస్టరు గారింట్లో ఇచ్చేసింది. మనిషిని గుమ్మం దాటి రానివ్వలేదు. జెకర్యా పలాస దాటాక ఉన్న సుమ్మాదేవిలో జీడిమామిడి తోటకు కాపలాగా కుదిరాడు. యామిని గొట్టం మార్చి, లైటు ఆర్పి, బండిని సత్యమ్మకు అప్పజెప్పింది. దవడకు వేసిన తీగలు విప్పాక ప్రదీప్ దాన్ని నడపడం మొదలుపెట్టాడు.

రెండు నెలలు గడిచాక ఒక ఉదయం జెకర్యా భావనపాడు వచ్చాడు. ప్రదీప్ పెట్టెలు ఎక్కిస్తున్నాడు. ముఖం ఒకవైపు కొంచెం పక్కకు పోయింది. జెకర్యా దగ్గరికి వెళ్ళి, క్షమించమని అడగడానికి వచ్చానన్నాడు. ప్రదీప్ చేతిలోని పెట్టె కింద పెట్టి, మూతి మీద గుద్దాడు. జెకర్యా ఇసుకలో పడ్డాడు. లేచి కూర్చునేలోపు ఇంకో దెబ్బ చెవి మీద పడింది. తర్వాత డొక్కలో ఒక తన్ను. ఈసారి కూలీలెవరూ అడ్డం రాలేదు. కొట్టేవాడే రొప్పుతూ ఆగాడు. ఐసు కరిగిపోతోందని ఎవరో పిలిస్తే బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

జెకర్యా కుడి చెయ్యి బిగుసుకుపోయి ఉంది. తనను కొట్టినవాణ్ణి కొట్టాలని అది ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఆ చేతిని అతను తొడ కిందికి తోసి, దానిమీద బరువంతా వేసి ఇసుకలోనే కూర్చున్నాడు. వ్యాను ఉప్పుమడుల వైపు మలుపు తిరిగి కనబడకుండా పోయినా లేవలేదు.