బాండు లేని సరుకు

"నీ మట్టేదో కోల్డ్ స్టోరేజీలోంచి తీయించేశాడంటమ్మా మావాడు. ఆ చాట ఇటివ్వు," అంది సుబ్బరావమ్మ, మిరపకాయ తొడిమ తుంచుతూనే.

శ్రీరమ్య చాట అందించింది. అందించాకగాని అత్తగారన్న మాట బుర్రకెక్కలేదు. ఏడాదికి సరిపడా కారం పట్టించడానికి పొద్దుటి నుంచి ఇద్దరూ వసారాలో కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఇంటి వెనకాల వేల బస్తాల కాయ నిలవుండే కోల్డ్ స్టోరేజీ ఉంది, మోసేవాళ్ళున్నారు, ఏరేవాళ్ళున్నారు. ఇంటి కారానికి మాత్రం కోడలి చేతులే కావాలి. వారమంతా కాలేజీలో పాఠాలు చెప్పే చేతులైనా సరే, ఆదివారం నాడు మండాల్సిందే.

"ఎప్పుడు తీయించారు అత్తయ్యగారూ?"

"నాలుగైదు రోజులైనట్టుంది. ఎక్కడికమ్మా, ఇంకా ఇంత కాయ ఉంటే?"

చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తింది. కోల్డ్ స్టోరేజీ వెనక గోడవారన ఆమె మట్టి నింపి దాచిన ప్లాస్టిక్ డొప్పలు వరసగా కనిపించాయి. బారెడు పొడవు, బెత్తెడైనా లేని వెడల్పు. వాటిలో కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. బస్తాలు ఎత్తించే మేస్త్రీ యలమంద, మట్టి దులిపేశాక డొప్పలు పారేయడమెందుకని కోళ్ళకు పెట్టాడట. అతని తప్పేమీ లేదు, బాబుగారు చెప్పారు, చేశాడు. దులిపిన మట్టి లారీలు తిరిగే దారి పక్కన కుప్పగా పడి ఉంది. మార్చి ఎండకు బీటలు తీసింది. సగం కుప్ప మీదుగా లారీ చక్రం పోయింది. శ్రీరమ్య గొంతుక్కూర్చుని ఓ పెళ్ళ చేతిలోకి తీసుకుంది. నలిగి పిండై గాలికి పోయింది. ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి కారం చేతికి అంటుకునే ఉంది.

అదేమిటో ఆ ఇంట్లో వాళ్ళకు తెలియదనడానికి వీల్లేదు. ఆమే చెప్పింది, విసుగు లేకుండా చెప్పింది. పెళ్ళికి ముందు రెండు నెలలు ఓడ మీద ఉండి, అంటార్కిటికా అంచున సముద్రం అడుక్కి గొట్టం దించి తీసిన బురద అది. వేల వేల ఏళ్ళుగా పొర మీద పొరగా దిగింది. అందులో కంటికి కనపడని ఇనప రజను ఉంటుంది. ఆ రజను దిగిననాడు భూమి అయస్కాంతం ఎటు లాగితే అటు తిరిగి, అలాగే ఉండిపోతుంది. దాన్ని మిషన్ మీద చదివితే ఏ పొర ఏ కాలానిదో తేలుతుంది. కరిగే మంచుకొండలు జారవిడిచిన గులకరాళ్ళు ఏ పొరలో ఎక్కువ కనిపిస్తే, ఆ కాలంలో అక్కడి మంచు పలక విరిగిందన్నమాట. అప్పుడెంత విరిగిందో తెలిస్తే, రేపు సముద్రం ఎంత పైకొస్తుందో అంచనా కట్టొచ్చు. అయితే ఆ బురద చల్లగా, తడిగా, కదలకుండా ఉండాలి. ఎండితే రజను చెదిరిపోతుంది. అప్పుడిక అది నిజంగానే ఉత్త మట్టి.

వచ్చే నెల ముంబయి ల్యాబులో మిషన్ ఖాళీ దొరుకుతుంది. అక్కడ ఆ డొప్పలు చదివించి ఫలితాలు చూపిస్తే డిసెంబరులో మళ్ళీ అంటార్కిటికా వెళ్ళే ఓడలో ఆమెకు చోటు. ఆ సంగతి పోయిన ఆదివారం భోజనాల దగ్గర సంతోషం పట్టలేక చెప్పింది. అదీ ఆమె చేసిన తెలివితక్కువ పని. భర్త చైతన్యకృష్ణ "చూద్దాంలే" అని పెరుగు కలుపుకున్నాడు.

పెళ్ళిచూపుల్లో ఈ చైతన్యకృష్ణే, మా కోల్డ్ స్టోరేజీ ఉండగా మీకు చల్లదనానికి లోటేమిటండీ అని నవ్వించాడు. ఆ ఒక్కమాటకు ఆమె పడిపోయింది. పెద్ద ఇన్‌స్టిట్యూట్ వదులుకుని గుంటూరు కాలేజీలో చేరింది. పాత ప్రాజెక్టు పెద్ద జెస్సీ మేడమ్, పొన్నూరు మనిషి, నమ్మి నమూనాలు పంపింది. వాటిని లోపల పెట్టించేటప్పుడు శ్రీరమ్య అందరిలాగే బాండు అడిగింది. కాయ దాచుకున్న ప్రతి రైతుకూ బాండు రాసిస్తారు. అది చూపిస్తేగాని బస్తా గడప దాటదు, కొడుకొచ్చి అడిగినా ఇవ్వరు. ఆ కట్టుబాటు మీదే నాన్న ఇంత వ్యాపారం నిలబెట్టాడని చైతన్యకృష్ణ వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటాడు. ఆమె అడిగితే మాత్రం, "ఇంట్లో మనిషికి బాండేమిటే?" అని బుగ్గ గిల్లాడు. ఎక్కడో బొల్లాపల్లి రైతుకిచ్చిన మాటపాటి కూడా పెళ్ళానికి అక్కర్లేదని అప్పుడే తెలిసి ఉండాల్సింది. ఆమె సిగ్గుపడి ఊరుకుంది. సిగ్గంటే ఇప్పుడు అసహ్యమేస్తోంది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. తీయించిన మాట అతను దాచలేదు. సీజన్లో చోటు చాలడం లేదన్నాడు. బురద వాసన కాయకు పడుతుందని కొనేవాళ్ళు పేచీ పెడుతున్నారన్నాడు. నిజానికి డొప్పలున్నది అరల చివర, ఒక్క బస్తా కూడా పట్టని సందులో. ఆమె ఆ మాటే అంది.

"అయితే విను. నేనే కావాలని తీయించా," అన్నాడు, ముద్ద కలుపుతూ. "పెళ్ళాన్ని రెండు నెలలు మగాళ్ళ మధ్య ఓడ మీదికి పంపిన ఎదవని నలుగురూ నన్ననుకోవాలా? వద్దంటే వినేదానివా? పప్పు వెయ్యి."

వేసింది. చెయ్యి దానంతటదే వేసింది.

"పెళ్ళికి ముందే మంచులో తిరిగొచ్చిన ఒళ్ళు, కడుపు గడ్డకట్టక ఏం చేస్తుంది," అంది సుబ్బరావమ్మ. ఇది కొత్త మాట కాదు. మూడేళ్ళుగా చుట్టాలింట్లో, పేరంటంలో అంటూనే ఉంది. పిల్లలు పుట్టలేదని శ్రీరమ్యను ముగ్గురు డాక్టర్లకు చూపించారు. పరీక్ష చేయించుకోమని డాక్టరంటే చైతన్యకృష్ణ ఆస్పత్రి మెట్లే ఎక్కలేదు. ఇప్పుడూ అతను తల్లిని ఊరుకోమనలేదు. నవ్వాడు.

నమూనాలు పోయాయని జెస్సీ మేడమ్‌కు మెసేజ్ పెట్టానని, సాయంత్రం ఫోన్ చేస్తానన్నారని శ్రీరమ్య చెప్పింది.

"ఇంట్లో వసారాలో పెట్టి మర్చిపోయా, ఎండిపోయాయి, నాదే అజాగ్రత్త అని చెప్పు. కోల్డ్ స్టోరేజీ మాటెత్తకు."

"పోనీ, కరెంటు పోయి పాడయ్యాయని చెప్పనా?"

"పిచ్చా నీకు? ఆ మాట మిర్చి యార్డులో పడితే రేపటికి లోపల ఒక్క బస్తా ఉంటదా? నీ మీద వేసుకుంటే నీకేం పోద్ది?"

ఏం పోతుందో అతనికి తెలుసు. డిసెంబరు ఓడ ఎలాగూ పోయింది. అజాగ్రత్త అని ఒప్పుకుంటే, మళ్ళీ ఎవరూ ఆమె చేతికి చిటికెడు సముద్రపు మట్టి ఇవ్వరు. అతనికి కావలసింది అదే.

సాయంత్రం ముందు గదిలో రైతులు కూర్చున్నారు. సీజన్లో వాళ్ళకు మజ్జిగ కోడలే తెచ్చివ్వాలి. ఇంటి కోడలు చేత్తో ఇస్తే రైతు ఇంకో కోల్డ్ స్టోరేజీకి పోడని మామగారి కాలం నుంచి వస్తున్న నమ్మకం. వినుకొండ వైపు నుంచి వచ్చిన ముసలి వెంకయ్యకు గ్లాసు అందిస్తుండగా ఫోన్ మోగింది. చైతన్యకృష్ణ కళ్ళతోనే కుర్చీ చూపించాడు. "ఇక్కడే కూర్చుని మాట్లాడు. స్పీకర్ పెట్టు." ఏం చెప్తుందో తన చెవులతో వినాలి. నలుగురిలో నోరెత్తదని ధీమా.

"రమ్యా, రికార్డులో ఏదో ఒకటి రాయాలమ్మా. అసలేం జరిగింది?" అంది జెస్సీ.

పాఠం అప్పజెప్పే పిల్లకు అందించినట్టు అతను తలూపాడు. శ్రీరమ్య వెంకయ్య చొక్కా జేబు వైపు చూసింది. ప్లాస్టిక్ కవర్లో మడిచిన బాండు కనిపిస్తోంది.

"నా అజాగ్రత్త కాదు మేడమ్. కరెంటూ పోలేదు. మా కోల్డ్ స్టోరేజీలో దాచమని మా ఆయన చేతికిచ్చాను. సరుకు పెట్టిన మనిషికి చెప్పకుండా బయటికి తీయించి ఎండలో పారబోయించారు. నేను ఓడెక్కకూడదని."

జెస్సీ మళ్ళీ ఒకసారి అడిగింది. "ఇదే రాయనా?"

"ఇదే రాయండి."

"ఏం రాసినా ఈసారి నీ పేరు తీసేయక తప్పదమ్మా. నమూనాలే లేవు."

"తెలుసు మేడమ్. పైసారి మళ్ళీ అడుగుతాను. అప్పటికి నా అడ్రసు వేరే ఉంటుంది."

ఫోన్ పెట్టేసింది. చైతన్యకృష్ణ మొహం నల్లబడింది. అయినా రైతుల వైపు తిరిగి, ఆడాళ్ళ చదువుల గొడవ, మట్టి, ఉత్త మట్టి అని నవ్వబోయాడు. వెంకయ్య సగం మజ్జిగ ఉన్న గ్లాసు కింద పెట్టి లేచాడు. జేబులోంచి బాండు తీశాడు. వెనక మిగతావాళ్ళూ లేచారు. కింద పెట్టిన గ్లాసులు తీయడానికి శ్రీరమ్య వంగలేదు.

"ఇంట్లో మనిషి సరుకే బయటపడేశారంటే..." అని ఆగాడు వెంకయ్య. "మా బస్తాలు ఒకసారి కళ్ళతో చూసుకుంటాం బాబూ. తాళం తెప్పించండి."