ఉన్నవాళ్ల శాలువా

ఎర్రవాగు బడిలో ఒక మనిషిని నలుగురిలో మెచ్చుకోవాలంటే ఆ మనిషి రిటైరన్నా కావాలి, బదిలీ అన్నా కావాలి. తిట్టుకు తిథి లేదు, వారం లేదు. మెచ్చుకోలుకు మాత్రం ముహూర్తముంది. ఆనాడు వరండాలో బల్లలు వేస్తారు, బంతిపూల దండ తెస్తారు, భుజాన శాలువా కప్పుతారు, చేతిలో గోడగడియారం పెడతారు. నిన్నటిదాకా 'నస' అన్న నోళ్లే ఆనాడు 'నిధి' అంటాయి. మరునాటికి కుర్చీ ఖాళీ. కుర్చీ ఖాళీ అయ్యేవేళ తప్ప నోట మంచిమాట రాకూడదన్నది, కొత్తగూడెం దాటి భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే ఆ మేరలో, ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే నియమం.

రెండువేల ఏడు మార్చిలో ఆ నియమం మీద చెయ్యి వేసినవాడు ప్రధానోపాధ్యాయుడు యేసుదానం. వేసి, వేళ్లు కాల్చుకున్నాడు.

యేసుదానానిది ముదిగొండ దగ్గరి పల్లె. మనిషి పొడుగు, గొంతు పొట్టి. ఉదయం ప్రార్థనవేళ జెండాకర్ర వెనక నిలబడేవాడు. కర్ర తనను దాచిందని ఆయన నమ్మేవాడు, పిల్లలు ఆ నమ్మకాన్ని గౌరవించేవారు. ఎవరినైనా గద్దించవలసి వస్తే నోటీసు రాసేవాడు. రాసిన నోటీసు మరీ కటువుగా ఉందనిపిస్తే చింపేసేవాడు. ఏడాదిలో ఆయన అంటించిన నోటీసు ఒక్కటే: 'కుళాయి కట్టివేయగలరు.'

అట్లాంటి మనిషి సొరుగులోకి ఆ నెలలో రెండు కాగితాలు వచ్చి పడ్డాయి. ఒకటి లెక్కల సారు బలరాంది, రెండవది తెలుగు టీచరు లిదియాది. రెండూ బదిలీ దరఖాస్తులే. ప్రధానోపాధ్యాయుడు సంతకం పెడితే, నెల చివరి శనివారంలోగా అవి మండల కార్యాలయానికి చేరాలి. ఇద్దరూ వెళ్లిపోతే ఆ అడవిదారిన వెంటనే ఇద్దరు కొత్తవాళ్లు రారని అందరికీ తెలుసు. ఆరు, ఏడు తరగతులు మూతపడతాయి. అప్పుడు తండా పిల్లలు పద్దెనిమిది మంది పన్నెండు కిలోమీటర్ల దూరపు బడికైనా నడవాలి, మేకల వెంటనైనా నడవాలి. రెండో దారే దగ్గర. ఆరో తరగతి సోని అప్పుడే ఆ మాట అనేసింది కూడా: "బడి బందైతే మా మేకలకు పండుగ సార్."

ఒక్కరైనా ఉండిపోతే చాలు. అయితే, ఉండమని అడగడానికి గొంతు కావాలి.

ఆ దిగులుతోనే ఆయన ఖమ్మంలో మూడు రోజుల శిక్షణకు వెళ్లాడు. బడిని నడిపేవాళ్లకు బడి గాలిని మార్చే విద్య నేర్పుతారట. మూడోనాడు భోజనాల తర్వాత, సగంమంది ప్రధానోపాధ్యాయులు కళ్లు తెరిచే నిద్రపోతున్న వేళ, శిక్షకుడు ఒక మాటన్నాడు: "మనిషి జీతానికి బడికి వస్తాడు, మాటకు బడిలో ఉంటాడు. రోజుకొకరిని, నలుగురి ముందు, మనసారా మెచ్చుకోండి." యేసుదానం ఆ మాటను ఎర్రసిరాతో రాసుకొని చుట్టూ గడి గీశాడు.

ఒంటిపూట బడుల కాలం. సోమవారం ఉదయం ఎనిమిదింటికి, ప్రార్థన ముగియగానే, జెండాకర్ర వెనకనుంచి ఆయన ఒక అడుగు ముందుకు వచ్చాడు. పిల్లలు ఉలిక్కిపడ్డారు. ఆయన జేబులోంచి చీటీ తీశాడు. పాపం, ఆయనకు మాత్రం మెచ్చుకోలు ఎక్కడ అలవాటు? ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో విన్న మంచిమాటలన్నీ వీడ్కోలు సభల్లో విన్నవే. మనసులోంచి తీద్దామనుకుంటే ఆ మాటలే వచ్చాయి.

"మన బలరాం సారు ఈ పాఠశాలకు అందించిన సేవలు మరువలేనివి. ఆయన ఎక్కడ ఉన్నా ఆయురారోగ్యాలతో ఉండాలని..."

పిల్లలు చప్పట్లు కొట్టి బూందీ కోసం చూశారు. ఈ మాటల వెనక బూందీ రావడం వాళ్ల అనుభవం. బూందీ రాలేదు. బలరాం మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆఫీసు గదికీ టీచర్ల గదికీ నడుమ ఉన్నది గోడ కాదు, వెదురు తడిక. తడికకు చెవులేమి, నోరు కూడా ఉంటుంది.

"మేడం, విన్నరా? నన్ను సాగనంపుతుండు!" అది బలరాం గొంతు.

"బదిలీ అడిగింది మీరేగా సార్?" మధిర వైపు నుంచి వచ్చిన లిదియాది నెమ్మదైన మాట, పదునైన నాలుక.

"నేనడిగింది ఖమ్మం దిక్కు మేడం! ఖానాపురం హవేలిల కిరాయికుంటున్న, పిల్లలక్కడ చదువుతున్నరు. గీయన మాట జూస్తే గోదారవతల గుట్టలల్ల ఏసినట్లున్నరు. ఎక్కడున్నా ఆరోగ్యంగ ఉండాలె అన్నడంటే, ఆరోగ్యం ఉండని జాగనే అన్నట్టు గదా!"

యేసుదానం లేచి నిలబడ్డాడు. కాదని చెప్పబోయాడు. కానీ తడికలోంచి విన్నదానికి తలుపులోంచి జవాబు చెప్పడం మర్యాద కాదనిపించింది. కూర్చున్నాడు.

మంగళవారం వంట చేసే జమ్లి వంతు. "జమ్లమ్మ సాంబారు రుచి మన నాలుకలపై చిరకాలం నిలిచి ఉంటుంది" అన్నాడు. అయిదు నిమిషాల్లో జమ్లి గరిటెతో సహా ఆఫీసు గదిలో ఉంది.

"సారూ, పప్పుల పురుగొచ్చిందా?"

"లేదమ్మా."

"పిల్లగాండ్లెవరన్న కక్కిండ్రా?"

"అయ్యో, లేదు. బాగుంది కాబట్టే..."

"నాలుగేండ్లసంది గదే చింతపండు, గదే పప్పు. ఇన్నొద్దులు బాగలేంది ఇయ్యాల ఎట్ల బాగైంది? నిజం జెప్పుండ్రి, నా జాగల ఎవరిని పెడుతున్నరు?"

ఆ భయంలో ఆమె ఉప్పు రెండుసార్లు వేసింది. చిరకాలం నిలిచే రుచి ఏదో ఆనాడు పిల్లలకు తెలిసింది.

బుధవారం అటెండరు ముసలయ్యను మెచ్చుకుంటే, ఆయన మధ్యాహ్నానికల్లా ట్రంకుపెట్టె అడుగునుంచి పాత కాగితమొకటి తెచ్చి బల్ల మీద పరిచాడు. "సారూ, నాకింక రెండేండ్ల నౌకరి ఉన్నది. పుట్టిన తారీకు జూడుండ్రి. పేరే ముసలయ్య, మనిషిని గాదు."

గురువారం లిదియా గురించి ఆయన ఒక్క వాక్యమే రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యంలోనూ 'తీరని లోటు' దూరింది.

"సార్, నా కాగితం మీద సంతకం అయ్యిందా?" అడిగింది లిదియా.

"శనివారం పెడతానమ్మా."

"సంతకం పెట్టకుండానే లోటైపోయాను. పెడితే ఏమైపోతానో!"

శుక్రవారానికి బడిగాలి నిజంగానే మారింది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. తడిక అవతల గుసగుసలు. "ఎర్రది గాదు, పచ్చది." "జరీ అంచుండాలె." "ఆయనకు తెల్వొద్దు." ఎవరింట్లోనో పెళ్లి కుదిరిందనుకున్నాడు యేసుదానం. తనను పిలవనందుకు చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకొని కూడా, పిలవకపోవడానికి తన తప్పే ఏదో ఉండి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

శనివారం వచ్చింది. రెండు దరఖాస్తులూ జేబులో పెట్టుకొని ఆయన రెండో గంట వేళ గదిలోంచి బయటకు వచ్చేసరికి వరండాలో బల్లలు ఉన్నాయి. బల్ల మీద బంతిపూల దండ ఉంది. నల్లబల్ల మీద రంగుసుద్దలతో సోని రాసిన గుండ్రటి అక్షరాలున్నాయి: 'మా పెద్దసారుకు వీడ్కోలు.'

యేసుదానం మొహంలో నెత్తురు చుక్క లేదు. తనకు తెలియకుండా తనకే ఆర్డరు వచ్చిందా? గోదారి అవతలకా? అడుగుదామనుకున్నాడు. ఈలోగా బలరాం వచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. పచ్చశాలువా, జరీ అంచు, మార్చి ఎండ. చెమట వెన్నులోంచి వాగులా దిగింది. సభ మొదలైపోయింది. మొదలైన సభను ఆపగలిగే గొంతు ఆయనకు దేవుడివ్వలేదు.

లిదియా ముందు మాట్లాడింది. "ఈ సారు ఒక్కనాడు గొంతు పెంచలేదు. ఈయన వచ్చిన కొత్తలో ఆరు నెలలు గొంతు నొప్పేమో అనుకున్నాను. మిరియాల కషాయం కూడా తెచ్చిచ్చాను. నొప్పి లేదని చెప్పడానికి మొహమాటపడి అది మొత్తం తాగారు."

బలరాం లేచాడు. "బస్సు టైరు పేలిన్నాడు నా క్లాసు సార్ దీసుకున్నడు. భిన్నాలు జెప్పిండు. అన్నీ తప్పే జెప్పిండు. దిద్దనీకి నాకు రెండ్రోజులు వట్టింది. గని నేను ఆలస్యమైన సంగతి రిజిస్టరుల రాయలే. పిల్లల క్లాసు ఖాళీ పోనియ్యలే. గసుంటి మనిషిని నేను మళ్ల జూడ."

జమ్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పిల్లలందరు తిన్నంకనే పళ్లెం వడుతడు సారు. మొన్న నేను ఉప్పు రెండుపార్ల ఏసిన్నాడు సుత మారు అడిగిండు."

"మా ఇండ్లన్ని ఎరుక సారుకు," అంది సోని. "మా కుక్కల పేర్లు సుత ఎరుక."

యేసుదానం కళ్లద్దాలు తీశాడు. ఒక్క చీటీ లేదు, ఒక్క 'మరువలేని సేవ' లేదు. ఇవి తను ఎప్పుడూ వినని మెచ్చుకోళ్లు. ఇంత మంచివాళ్లను వదిలి వెళ్లడానికి తనకు ఆర్డరేమీ రాలేదని ఇక చెప్పక తప్పలేదు. లేచాడు. శాలువా జారింది.

"నేను... వెళ్లడం లేదు."

దండ పట్టుకున్న ముసలయ్య దండతో సహా ముందుకొచ్చాడు.

"పోతలేరా? మరి సొరుగుల కాయితమేంది సారూ? దుమ్ము దులుపుతాంటె జూసిన. బలరాం సారుది, మేడంది, అడుగున మీది. రోజుకొకరిని పొగుడుతాంటిరి, అడుగున కాయితమున్నది. పోయేటోడు గాకుంటె ఎవడన్న గట్ల పొగుడుతడా?"

అది నిజం. నిరుడు చేరిన నాలుగోనాడే, దోమలకూ దూరానికీ భయపడి, ఆయన ఖమ్మానికి బదిలీ దరఖాస్తు రాసుకున్నాడు. ఇవ్వడానికి మొహమాటపడి దాచాడు. దాచి, చింపడానికీ మొహమాటపడ్డాడు. ఇతరుల కాగితాలను ఆ కాగితం పైనే పెట్టి, వాళ్లను ఎట్లా ఆపాలా అని వారమంతా ఆలోచించాడు!

"అవ్," అన్నాడు, ముదిగొండ గొంతుతో. "అది నాదే. మిమ్ములను ఉంచుకోవాల్నని పొగిడిన. మీరు పోతే సోనీ వాళ్ల తరగతులు పోతయి. గని అడిగే ధైర్యం లేక పొగిడిన."

బలరాం మొహం ముడుచుకుంది. "అంటే సార్, గవన్ని ఉత్తుత్తి మాటలా? ఆపనీకి చెప్పిన ముచ్చట్లా?"

ఆ ప్రశ్నకు చీటీ లేదు. యేసుదానం చేతులు జేబులు వెతికాయి, జెండాకర్ర దూరంగా ఉంది. ఇప్పుడు నోరు విప్పకపోతే ఇంక విప్పే పనే ఉండదని ఆయనకు తెలిసింది.

"ఉత్తుత్తివే బలరాం. ఎవరికైనా చెప్పొచ్చు ఆ మాటలు. నీకు చెప్పాల్సింది వేరే ఉండె. లెక్కల గంట మోగితే సోని గోడ దుంకి పోయేది. నువ్వు చింతగింజలు పోసి, మీ లంబాడి మాటల్లో ఎక్కాలు చెప్పినవు. మొన్న వాగుకాడ మేకలను తోలుకపోతూ ఆ పిల్ల పదిహేడో ఎక్కం పాడుతుండె. ఆగి విన్న. పదిహేడో ఎక్కం..." ఆయన గొంతు తగ్గించాడు, "నాకు కూడా రాదు."

నవ్వు ముందు పిల్లల్లో పుట్టింది. తర్వాత లిదియాలోకి వచ్చింది. చివరికి బలరాం కూడా, తల దించుకొని, మీసాల్లో నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

యేసుదానం జేబులోంచి రెండు దరఖాస్తులూ తీసి, అక్కడే బల్ల మీద సంతకాలు పెట్టి, ఎవరిది వాళ్ల చేతికిచ్చాడు. "పట్టి ఉంచడం నాకు చేతకాదు. పంపేదీ ఆపేదీ మీ చేతిలో ఉంది." తరువాత గదిలోకి వెళ్లి తన కాగితం తెచ్చాడు. దాన్నేం చేయాలో తోచక చేతిలో తిప్పుతుంటే జమ్లి లాక్కుంది. "ఇటియ్యుండ్రి సారూ. కట్టెలు పచ్చిగున్నయి, పొయ్యి రాజుకుంటలేదు."

ఇక మిగిలింది శాలువా. కొట్టువాడు తిరిగి తీసుకోడు. ముసలయ్య ముందే అడిగి వచ్చాడట. అప్పుడు లిదియా అంది: "పోయేవాళ్లకు కప్పి ఏం లాభం సార్? వాళ్లు మడిచి పెట్టెలో పెడతారు. ఇది బడిలోనే ఉంచుదాం. వారానికొకరికి, ఉన్నవాళ్లకే కప్పుదాం. కానీ ఒక్క షరతు. 'మరువలేని' అన్న మాట ఎవరు వాడినా గడియారం వాళ్లే కొనాలి."

ఆ పూటే అది జమ్లి భుజాల మీదికి వెళ్లింది. ఆమె అది కప్పుకొనే సాంబారు కలిపింది. జరీ అంచుకు పసుపు అంటింది.

లిదియా కాగితం మాత్రం మధ్యాహ్నం బస్సులో వెళ్లిపోయింది. మధిరలో తల్లి మంచం మీద ఉంది; ఆ సంగతి ఆమె అంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. యేసుదానం ఆమెతో బస్సుదాకా వెళ్లి, కషాయం బాగుండేదని చెప్పి వచ్చాడు. బలరాం కాగితం సోమవారం ఏడో తరగతిలో కనిపించింది. దాని వెనకవైపు భిన్నాలున్నాయి, అన్నీ సరైనవే. మండల కార్యాలయానికి ఎందుకు పంపలేదని అడిగితే, "ఇంక పందొమ్మిదో ఎక్కం గాలే సార్" అన్నాడు.

జూన్‌లో బడి తెరిచారు. ఆరూ ఉంది, ఏడూ ఉంది. లిదియా స్థానంలోకి, ఎవరూ ఊహించని విధంగా, వేంసూరు నుంచి సుకుమార్ అనే కుర్ర టీచరు వచ్చాడు. చేరిన అయిదోనాడు శనివారం. ప్రార్థన కాగానే యేసుదానం జెండాకర్ర ముందుకు వచ్చాడు. ఇప్పుడు ఒక్క అడుగు కాదు, మూడు. "ఈ వారం సుకుమార్ సారు వానలో తడుస్తూ, తండా దాకా పోయి, జ్వరమొచ్చిన చాందికి నోట్సు ఇచ్చి వచ్చిండు" అని, పసుపంటిన పచ్చశాలువా తెచ్చి అతని భుజాల మీద కప్పాడు.

సుకుమార్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్," అన్నాడు, "నేను చేరి అయిదు రోజులే అయ్యింది. అప్పుడే ఎక్కడికేశారు సార్?"

పిల్లలు బూందీ కోసం చూశారు.