ఎడమ కట్ట

నేను అమ్మేది నరాలు. ఎద్దు మెడ నరాలు, జింక కాళ్ళ నరాలు ఎండబెట్టి, దంచి, పీచు తీసి, నూనెలో నానబెట్టి తాళ్ళు పేనుతాను. రాళ్ళు విసిరే యంత్రానికి బలమంతా ఆ తాళ్ళదే. చట్రానికి కుడివైపు ఒక కట్ట, ఎడమవైపు ఒక కట్ట మెలితిప్పి బిగిస్తారు. రెండూ సమంగా లాగితేనే రాయి అనుకున్నచోట పడుతుంది.

ఏ జంతువు నరమైనా పనికొస్తుంది, పంది నరం తప్ప. అది నెల తిరిగేసరికి వదులైపోతుంది.

వసంతంలో థెలామోస్ పట్టణం రేవులో దిగినప్పుడు నా లెక్క ఇది: కుడి కట్టకు మంచి సరుకు ఇస్తాను, ఎడమదాంట్లో సగం పంది నరం కలుపుతాను, మూడోరోజు ఓడ ఎక్కేస్తాను. మిగిల్చుకున్న జింక తాళ్ళు మరో రేవులో ఎక్కువ ధరకు పోతాయి. ఎటు చూసినా లాభమే. మూడోరోజు పొద్దున్నే శత్రువుల ఓడలు రేవును మూసేశాయి. అది మాత్రం నా లెక్కలో లేదు.

అలా, నా మోసం కాపలా కాస్తున్న గోడ వెనకే నేను చిక్కుకున్నాను.

నలభై రోజులు గడిచాయి. శత్రువులు కందకం పూడ్చి, చక్రాల మీద కొయ్య బురుజును గోడవైపు నెట్టుకొస్తున్నారు. ఇంకో రెండు రోజుల్లో అది గోడను ఆనుకుంటుంది. దాన్ని కొట్టాల్సిన మా యంత్రం రెండు మణుగుల రాయిని పక్కకు విసిరి ఊరుకుంటోంది.

యంత్రం నడిపేవాళ్ళకు పెద్ద అయిన సోసియాస్ కట్టలను వేలితో మీటాడు. కుడిది ఖంగుమంది. ఎడమది తడి గోనెను బాదినట్టు మూలిగింది.

"ఏమయ్యా ఫిలీనోస్, దీనికేం జబ్బు?"

"సముద్రపు గాలి, సోసియాస్ అన్నా. తేమ పట్టింది."

"ఆ గాలి కుడిదానికి తగల్లేదా? అదేమైనా నీ మేనకోడలా?"

అందరూ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

నాకు ఇంకో దారి ఉంది. శత్రువుల కాపలా ఓడ నాయకుడు నేను తాళ్ళ వ్యాపారినని విని ఒక జాలరితో కబురు పంపాడు: మంచి తాళ్ళు తెచ్చిస్తే నన్ను వదిలేస్తాడట. వాళ్ళ యంత్రాలకూ తాళ్ళు కావాలి మరి. మిగిల్చుకున్న జింక తాళ్ళు నా గదిలో, ఆలివ్ నూనె జాడీలో ఉన్నాయి. రేపు సాయంత్రం పడవ వస్తుంది.

మర్నాడు ఉదయం ఊరి ఆడవాళ్ళు యంత్రం దగ్గర వరస కట్టారు. నరాలు దొరక్కపోతే జుట్టు పేనుతారు. నాకు గది ఇచ్చిన, రొట్టెలమ్మే మిర్తాలే అప్పటికే బోడిగుండుతో నిలబడి ఉంది.

"అయ్యో, ఎంత జుట్టమ్మా!" అన్నాను.

"పోనీవయ్యా. మా ఆయన ఏనాడూ దాన్ని మెచ్చుకోలేదు. ఈ యంత్రమైనా మెచ్చుకుంటుంది."

నలభైమంది జుట్టు. కళ్ళతోనే తూచాను. ఎడమ కట్టలో పావు వంతుకు వస్తుంది. మిగతాది నా పంది నరంతోనే మెలితిప్పాలి. వాళ్ళు కోసిచ్చినదంతా వృథా. పడవ ఎక్కితే నేను బతుకుతాను. బురుజు గోడను ఆనుకుంటే ఈ వరసలో ఎవరూ మిగలరు. ఎన్నిసార్లు వేసినా లెక్క అంతే వచ్చింది. వెళ్ళి జాడీ ఎత్తుకొచ్చాను.

సోసియాస్ తాడు తీసి పళ్ళతో కొరికి చూశాడు. "జింకది. మరి ఎడమదాంట్లో?"

"సగం పంది."

"తెలుసు. పంది నరం మూలుగు నేను పోల్చలేననుకున్నావా? పదిరోజులుగా వింటున్నాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నిన్ను గోడమీంచి తోసేవాళ్ళు. మంచి సరుకు కొంత దాచుకోని వ్యాపారిని నేనింతవరకు చూళ్ళేదు. అదెక్కడుందో నీకొక్కడికే తెలుసు. అందుకే ఆగాను."

మిర్తాలే మాత్రం ఆగలేదు. "నా జుట్టు కోయించాక తెచ్చావట్రా, పందీ!" అంటూ జాడీ మూతతో నా వీపు మీద ఒక్కటేసింది.

ఆ రోజంతా పాత కట్ట విప్పి, జింక తాళ్ళూ ఆడవాళ్ళ జుట్టూ కలిపి బిగించాం. సాయంత్రం పడవ వచ్చి, ఖాళీగా వెళ్ళిపోవడం గోడమీంచి చూశాను. మర్నాడు మూడో రాయి బురుజు ముందుచక్రాన్ని విరగ్గొట్టింది. బురుజు ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. ఓడలు మాత్రం రేవులోంచి కదల్లేదు.

ఊరివాళ్ళు నాకు వేసిన శిక్ష చిన్నదే. నా కాలికి గొలుసు వేసి, దాని రెండో కొసను యంత్రానికి, ఎడమవైపు కట్టారు. యంత్రాన్ని వెనక్కి లాగి బిగించే ఇరుసు తిప్పడం నా పని. రోజూ పొద్దున్నే సోసియాస్ వచ్చి రెండు కట్టలూ మీటుతాడు. రెండూ ఒక్కలాగే ఖంగుమంటాయి. మంచి సరుకే, నాకు తెలుసు. అయినా అతని వేలు ఎడమవైపుకు వచ్చేసరికి ఊపిరి బిగబట్టే వింటాను.